కలరా ఉండలూ, పసిబిడ్డ పక్కబట్టలూ

కార్తీకం వెళ్ళి చలిగాలి తిరగగానే మన ఇళ్ళల్లో జరిగే మొదటి పని ఏమిటో మీకు తెలుసు. అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. తాళం తీసి మూత ఎత్తగానే గుప్పున ఒక వాసన. రగ్గులు, శాలువాలు, తాతగారి మఫ్లరు, పిల్లల స్వెట్టర్లు, అట్టడుగున అమ్మమ్మ పెళ్ళినాటి పట్టుచీర. నిరుడు గోలీకాయంత లావున వేసిన తెల్లటి ఉండ ఇప్పుడు మడతల మధ్య శనగగింజంత మిగిలి ఉంటుంది. ఆ వాసన కొందరికి తలనొప్పి తెస్తుంది, కొందరికి పుట్టిల్లు గుర్తుకు తెస్తుంది.

ఇంట్లో అమ్మాయి పురిటికి వచ్చి ఉంటే, అదే పెట్టెలోంచి పాతచీరలు కూడా తీస్తారు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరను మించిన పక్కబట్ట పసిగుడ్డుకు లేదు. ఇందులో మన పెద్దవాళ్ళ తప్పేమీ లేదు. అయితే ఆ చీర ఏ పెట్టెలోంచి వచ్చింది, ఆ పెట్టెలో ఇంకేం ఉన్నాయి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోరు. ఈ వారం నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్న గురించే.

ఇంతకీ ఏమిటీ ఉండ?

మనం కలరా ఉండలు అంటున్నా కలరాకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. ఇవి ఇంట్లో ఉంటే కలరా రాదనుకునే అమాయకులు వెనకటికి ఉండేవారు. ఆ మాట ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వీటి అసలు పేరు నాఫ్తలీన్. రాతిబొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు వచ్చే తారులోంచి దీన్ని తీస్తారు. 1820 ప్రాంతంలో ఇంగ్లండులో దీన్ని వేరుచేశారు. జాన్ కిడ్ అనే ఆయన 1821లో దీని గుణాలు వర్ణించి పేరు పెట్టాడు. విద్యుత్తు మీద పరిశోధనలు చేసిన మైకేల్ ఫారడే 1826లో దీనిలో ఏ మూలకాలు ఎంతెంత ఉన్నాయో లెక్క తేల్చాడు. పది కార్బన్ పరమాణువులూ ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులూ కలిస్తే ఒక నాఫ్తలీన్ అణువు.

ఐసుముక్క కరిగి నీరవుతుంది, ఆ నీరు ఆవిరవుతుంది. కలరా ఉండ అలా కాదు. మధ్యలో నీరు కాకుండానే, గట్టి పదార్థం గట్టిగానే ఉండి నేరుగా ఆవిరైపోతుంది. దీన్ని ఉత్పతనం అంటారని మీ పిల్లల సైన్సు పుస్తకంలో ఉంటుంది. హారతి కర్పూరం డబ్బా మూత తీసి పెడితే బిళ్ళలు మాయమైపోవడం చూశారుగా, ఇదీ అదే. ఉండ చిక్కిపోయిందంటే, చిక్కినంత మేరా ఆవిరై పెట్టెలో బట్టలకు పట్టిందన్నమాట, లేదా మీ గదిలో గాలిలో కలిసిందన్నమాట. అందువల్ల వాసన వచ్చిందంటే మందు ముక్కులోంచి మీ ఒంట్లోకి పోతున్నట్టే లెక్క. వాసన వేరు, మందు వేరు కాదు.

ఈ ఆవిరి గాలికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. కనుక కిందికి దిగుతుంది. మూత బిగుతుగా ఉన్న పెట్టెలో ఇది చాలినంత పేరుకుంటే, ఉన్నినీ పట్టునూ కొరికే చిమ్మటల పిల్లపురుగులు చచ్చిపోతాయి. మూత వదులైనా, బీరువా తలుపు రోజుకు పదిసార్లు తీసి వేసినా, పురుగు చావదు, మనకు తలనొప్పి మాత్రం మిగులుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బట్టలు కొరికే చిమ్మటలకు కావలసింది జంతువుల నుంచి వచ్చే మాంసకృత్తు. అంటే ఉన్ని, పట్టు, బొచ్చు. శుభ్రంగా ఉతికి ఆరేసి మడతపెట్టిన నూలు బట్టను అవి ముట్టవు. నూలుచీరకు చిల్లు పడిందంటే దాని మీద గంజి కోసమో, అన్నం మరక కోసమో వచ్చిన వెండిపురుగు పని అయి ఉంటుంది. గంజి లేకుండా ఉతికి దాచిన పాతచీరలకు కలరా ఉండ అవసరమే లేదు. పసిబిడ్డకు వాడేది సరిగ్గా ఆ చీరలే.

అయిదో రోజు పసుపు

ఇలా ఊహించుకోండి. బిడ్డ ఆసుపత్రిలో సుఖంగా పుట్టాడు. మూడోరోజున ఇంటికి తెచ్చారు. అయిదోరోజుకు ఒళ్ళంతా పసుపు. పుట్టిన బిడ్డకు కాస్త కామెర్లు మామూలేనని పక్కింటావిడ చెప్పింది. ఆరోరోజున పాలు తాగడం తగ్గింది. బిడ్డ ఎప్పుడూ మగతగా పడుకుంటున్నాడు. అప్పుడు పిల్లల డాక్టరు దగ్గరకు పరుగెత్తారు. ఆయన బిడ్డను చూసి, రక్తపరీక్షకు పంపి, అమ్మమ్మ వైపు తిరిగి అడిగాడు.

"మామ్మగారూ, బిడ్డ కింద ఏం గుడ్డలు పరుస్తున్నారు?"

"కొత్తవి గుచ్చుకుంటాయని నా పాతచీరలే చింపాను బాబూ. ఉతికి దాచినవే."

"దాచిన పెట్టెలో కలరా ఉండలు వేశారా?"

"వెయ్యకపోతే పురుగు కొట్టెయ్యదూ?"

"బిడ్డకు నూనె రాస్తున్నారా?"

"రెండు పూటలా. నూనె పట్టిస్తేనే కదా ఎముక గట్టిపడేది!"

మామ్మగారు చెప్పిన ప్రతి మాటలోనూ ప్రేమ ఉంది. ప్రమాదమూ ఆ మాటల్లోనే ఉంది. నాఫ్తలీన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. నూనె పట్టించిన ఒంటికి ఆ గుడ్డ చుట్టబెడితే, గుడ్డలో ఉన్న మందు నూనెలో కలిసి పసిచర్మంలోకి సులువుగా దిగుతుంది. ఆ పైన వాసన ఊపిరితోనూ పోతుంది. ఉతికినవేనంటున్నారే, ఉతికితే పోదా అని మీరు అడగవచ్చు. ఉతికి పెట్టెలో పెట్టారు కదా! ఉతికింది ముందు, వాసన పట్టింది తరవాత.

లోపల జరిగేది ఏమిటి?

మన రక్తంలో ఎర్రకణం ఒక్కొక్కటీ సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ కణాన్ని తుప్పులాంటి మార్పు పట్టకుండా కాపాడే ఎంజైము ఒకటి ఉంది. దాని పేరు పొడుగు కనుక డాక్టర్లు జి6పిడి అంటారు. మీరూ అదే పేరు గుర్తుపెట్టుకోండి. నాఫ్తలీన్ ఒంట్లోకి వెళ్ళాక కాలేయంలో వేరే పదార్థాలుగా మారుతుంది. ఆ పదార్థాలే ఎర్రకణం మీద దాడి చేస్తాయి. ఎంజైము సరిగా ఉన్నవారు చాలావరకు తట్టుకుంటారు. పుట్టుకతోనే అది తక్కువైనవారిలో ఎర్రకణాలు గుంపులు గుంపులుగా పగిలిపోతాయి. పగిలిన కణాలలోని ఎరుపు విరిగి పసుపు అవుతుంది. అదే ఒంటి మీద కామెర్లుగా కనిపిస్తుంది.

పెద్దవాళ్ళకైతే ఆ పసుపును కాలేయం వడగట్టి పంపేస్తుంది. పుట్టిన పది రోజుల బిడ్డకు ఆ కాలేయమే ఇంకా పని నేర్చుకుంటూ ఉంటుంది. నాఫ్తలీన్‌ను విరిచి బయటికి పంపడమూ, పసుపును పంపడమూ రెండూ ఆ లేత కాలేయం మీదే పడతాయి. పసుపు హద్దు మీరితే మెదడుకెక్కుతుంది. అలా ఎక్కిన బిడ్డ బతికి బయటపడ్డా చెవుడు రావచ్చు, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పవచ్చు. నా భయమంతా దీని గురించే. దగ్గు, జ్వరం లాగా వచ్చి పోయేది కాదిది.

ఈ జి6పిడి లోపాన్ని 1956లో అమెరికాలో కనిపెట్టారు. ప్రిమాక్విన్ అనే మలేరియా మాత్ర మింగితే కొందరికి మాత్రమే రక్తకణాలు ఎందుకు పగులుతున్నాయని వెతుకుతూ పోతే ఇది బయటపడింది. తల్లి నుంచి కొడుకుకు వచ్చే లోపం కనుక మగపిల్లల్లో ఎక్కువగా చూస్తాం. ఆడపిల్లలకు రాదని మాత్రం ధీమా పడకండి. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల జనంలో ఇది ఎక్కువ. మనదేశంలోనూ ఉంది. ఉన్నవారు చూడటానికి అందరిలాగే ఉంటారు. ఆడతారు, పాడతారు, చదువుకుంటారు. ఏదో ఒక మందో, కలరా ఉండో తగిలేదాకా ఎవరికీ తెలియదు.

మా ఇంట్లో ఆ లోపం లేదులెండి అనేవారికి ఒక సంగతి. 1963లో గ్రీసు దేశం నుంచి ఒక వైద్య పరిశీలన వెలువడింది. నాఫ్తలీన్ వాసన పీల్చి రక్తం విరిగిన 21 మంది పసికందుల వృత్తాంతం అది. వారిలో జి6పిడి లోపం ఉన్నవారు 10 మంది. తక్కినవారిలో చాలామందికి అలాంటి లోపమేమీ లేదు, అయినా రక్తం విరిగింది. ఇద్దరు బిడ్డలు దక్కలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ 21 మందిలో 18 మందికి ఆ గుడ్డలు ఒంటికి తగలనే లేదు. పైన కప్పిన దుప్పటి నుంచో, ఆ గదిలోనో పక్కగదిలోనో ఉన్న బట్టల నుంచో వచ్చిన వాసనే ఆ పని చేసింది. మన పట్టణాల్లో ఇప్పుడు కిటికీలు మూసి ఏసీ వేసిన గదిలో, గోడ బీరువా పక్కనే ఊయల ఉంటున్నది. ఒక్కసారి ఆలోచించండి.

నైజీరియాలో కూడా పసిబిడ్డల బట్టల్లో ఈ ఉండలు వేసే అలవాటు ఉంది. అక్కడి పిల్లల డాక్టర్లు కామెర్లతో వచ్చిన ప్రతి బిడ్డ తల్లినీ మొట్టమొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. మన డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి.

ఏ కామెర్లకు భయపడాలి?

బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు లేతపసుపు రావడం, వారం పది రోజుల్లో తగ్గిపోవడం చాలామందిలో జరిగేదే. కానీ పుట్టిన మొదటి 24 గంటల్లోనే పసుపు కనిపిస్తే, అరచేతులకూ అరికాళ్ళకూ దిగితే, బిడ్డ పాలు సరిగా తాగకపోతే, లేపినా లేవకపోతే, సన్నగా కీచుమంటూ ఏడిస్తే, విల్లులా వెనక్కి వంగిపోతుంటే, ముహూర్తాలు చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అర్ధరాత్రయినా సరే. అక్కడ నీలికాంతి దీపం కింద పడుకోబెడతారు, అవసరమైతే రక్తం మార్పిడి చేస్తారు. సకాలంలో వెళితే చాలామంది బిడ్డలు ఏ లోపమూ లేకుండా ఇంటికి వస్తారు.

పొద్దుటెండలో కాసేపు పడుకోబెడితే చాలని ఇంట్లో కూర్చోకండి. పసరు మందులు, కంట్లో చుక్కలు, పొట్ట మీద వాతలు, వీటితో ఒక్కరోజు పోగొట్టుకున్నా తిరిగి రాదు. పసరు పోసేవారి మీద నాకు కోపం లేదు. ఆ ఒక్కరోజు ఆలస్యం మీదే నా కోపమంతా.

గోరింటాకు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దానిలో ఎర్రరంగునిచ్చే పదార్థం నాఫ్తలీన్‌కు దగ్గరి చుట్టమే. జి6పిడి లోపం ఉన్న పసిబిడ్డలకు గోరింటాకు పెట్టాక రక్తం విరిగిన సందర్భాలు వైద్యగ్రంథాలలో ఉన్నాయి. బారసాల నాడు బిడ్డ అరికాళ్ళకు పెట్టాలన్న సరదా ఉంటే కొన్నాళ్ళు ఆపుకోండి.

నోట్లో వేసుకుంటే

పాకే వయసు పిల్లవాడికి నేలమీద కనపడినదల్లా తినేదే. తెల్లగా, గుండ్రంగా, కాస్త మెరుస్తూ ఉన్న ఉండ వాడి కంటికి పిప్పరమెంటు బిళ్ళే, చక్కెరబిళ్ళే. వాష్‌బేసిన్ కన్నం మీద పెట్టినదీ, బాత్‌రూమ్ మూల వేసినదీ, బీరువా కింద దొర్లిపోయినదీ వాడి ఎత్తుకు సరిగ్గా అందుతుంది. జి6పిడి లోపం ఉన్న పిల్లవాడికి ఒక్క ఉండ చాలు ప్రాణం మీదికి రావడానికి.

ఇందులో మోసం ఏమిటంటే, మింగిన వెంటనే ఏమీ కాకపోవచ్చు. కాస్త వాంతి, కడుపునొప్పి, అంతే. తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. ఒకటి రెండు రోజులు, ఒక్కొక్కప్పుడు మూడు నాలుగు రోజులు గడిచాక పిల్లవాడు పాలిపోతాడు. మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. జ్వరం, ఆయాసం, కళ్ళు పచ్చబడటం. కొందరికి పెదవులూ గోళ్ళూ నీలంగా మారతాయి. కనుక మింగినట్టు అనుమానం వచ్చిన రోజునే డాక్టరుకు చూపించాలి. ఆ తరవాత అయిదారు రోజులు మూత్రం రంగు కనిపెడుతూ ఉండాలి.

ఇంట్లో మీరు చెయ్యవలసినవి కొద్ది. చెయ్యకూడనివే ఎక్కువ. నోట్లో మిగిలిన ముక్కను వేలితో తీసెయ్యండి, నోరు తడిగుడ్డతో తుడవండి, చేతులు కడగండి. గొంతులో వేలు పెట్టి గాని, ఉప్పునీళ్ళు తాగించి గాని వాంతి చేయించకండి. విరుగుడు అంటూ పాలు, నెయ్యి, ఆముదం, కొబ్బరినూనె పట్టించకండి. కొవ్వులో కరిగే మందు కనుక దాన్ని మీరే లోపలికి తోసినట్టవుతుంది. విషానికి పాలు మంచివన్న నమ్మకం మన ఇళ్ళల్లో ఎంత గట్టిదో తెలుసు కాబట్టే ఇంత నొక్కి చెబుతున్నాను. 108కి ఫోను చెయ్యండి, లేదా దొరికిన బండిలో బయల్దేరండి. ఉండల పాకెట్టు వెంట తీసుకువెళ్ళండి.

పాకెట్టు ఎందుకంటారా? తెల్లటి ఉండలూ బిళ్ళలూ అన్నీ ఒకటి కావు. కొన్నిటిలో నాఫ్తలీన్ ఉంటుంది. రంగు రంగుల బాత్‌రూమ్ బిళ్ళల్లో కొన్నిటిలో పారాడైక్లోరోబెంజీన్ అనే మరో రసాయనం ఉంటుంది. ఇక పిల్లవాడు మింగింది హారతి కర్పూరమైతే కథ పూర్తిగా వేరు. నాఫ్తలీన్ రోజులు తీసుకుంటుంది, కర్పూరం నిమిషాల్లో మూర్ఛ తెప్పిస్తుంది. పసిపిల్లలకు జలుబని మెడలో కర్పూరం మూట కట్టడం, ఛాతీ మీద కర్పూరం నూనె రుద్దడం మానెయ్యమని నేను చెప్పేది ఇందుకే.

పాకెట్టు దొరకకపోతే, మిగిలిన ముక్క ఒకటి గ్లాసు మంచినీళ్ళలో వేసి చూడవచ్చు. తేలితే కర్పూరం. మునిగితే మరో గ్లాసు నీళ్ళలో ఇక కరగనన్నంత ఉప్పు కలిపి అందులో వెయ్యండి. ఉప్పునీళ్ళలో తేలితే నాఫ్తలీన్, అందులోనూ మునిగితే పారాడైక్లోరోబెంజీన్. ఇది ఇంట్లో కూర్చుని చెయ్యవలసిన ప్రయోగం కాదు సుమా! పిల్లవాడు ఆసుపత్రికి బయల్దేరాక వెనక ఉన్నవారు చేసి ఫోనులో చెప్పవచ్చు.

డాక్టరుకు మీ వంశంలో ఎవరికైనా జి6పిడి లోపం ఉంటే ముందే చెప్పండి. నీలబడిన పిల్లలకు మామూలుగా ఇచ్చే మిథిలీన్ బ్లూ అనే ఇంజెక్షను ఈ లోపం ఉన్నవారికి హాని చేస్తుంది. ఇంకొక చిక్కు. రక్తం విరుగుతున్న సమయంలో జి6పిడి పరీక్ష చేస్తే, లోపం ఉన్నా మామూలుగా ఉన్నట్టు ఫలితం రావచ్చు. బలహీనమైన ముసలి కణాలు అప్పటికే పగిలిపోయి లేత కణాలే మిగిలి ఉంటాయి గనుక. రెండు మూడు నెలల తరవాత మళ్ళీ చేయించాలి. ఒకసారి బాగుందన్నారు కదా అని మర్చిపోకండి.

గర్భిణులకు ఒక మాట

కొందరు గర్భిణులకు మట్టి, బొగ్గు, బలపాలు తినాలనిపిస్తుంది. అలాగే కొందరికి కలరా ఉండ వాసన చూడాలనీ, కొరకాలనీ అనిపిస్తుంది. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాటుగా చేస్తారు. అమ్మాయీ, ఇది నీ తప్పు కాదు. చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గి రక్తం పలచబడటం దీనికి తోడవుతుంది. కానీ నాఫ్తలీన్ మాయను దాటి కడుపులో బిడ్డకు చేరుతుంది. తల్లి తిన్న ఉండల వల్ల పుట్టిన బిడ్డ రక్తం విరిగి ఉండటం డాక్టర్లు చూశారు. చూసే డాక్టరుతో సిగ్గు విడిచి చెబితే రక్తపరీక్ష చేయించి ఐరను మాత్రలిస్తారు. ఇంట్లోని పెద్దవాళ్ళు ఎగతాళి చెయ్యకుండా ఉంటే అదే సగం వైద్యం.

వాడక తప్పదంటే

పెద్దవాళ్ళకు దీనివల్ల వచ్చేవి సాధారణంగా తలనొప్పి, వికారం, కళ్ళమంట. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కంటిపొర వచ్చింది. కాన్సరు పరిశోధన అంతర్జాతీయ సంస్థ 2002లో నాఫ్తలీన్‌ను మనుషులకు కాన్సరు కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఐరోపా సమాజ దేశాలు 2008లో ఈ ఉండల అమ్మకం నిషేధించాయి. మన అంగళ్ళలో మాత్రం సబ్బుల పక్కనే దొరుకుతాయి.

ఇంట్లో ఏడాదిలోపు బిడ్డ గాని, గర్భిణి గాని, జి6పిడి లోపం ఉన్నవారు గాని ఉంటే అసలు వద్దు. అటకమీద పెట్టెలోనూ వద్దు. అలాంటివారు లేని ఇంట్లో, పట్టుకూ ఉన్నికీ వాడక తప్పదనుకుంటే, బిగుతు మూత ఉన్న పెట్టెలోనే వాడండి. ఉండలను పలచటి గుడ్డలో మూటకట్టి బట్టల పైభాగాన పెట్టండి. ఆవిరి కిందికే దిగుతుంది కనుక అడుగున పారెయ్యవలసిన పని లేదు. జరీకి తగలకుండా చూడండి. పాకెట్టు మీద రాసిన సంఖ్య దాటవద్దు. పది వేస్తే పదిరెట్లు రక్షణ రాదు. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగండి. ఒకే పెట్టెలో రెండు రకాల ఉండలూ, లేదా ఉండలూ కర్పూరమూ కలిపి వెయ్యకండి. రెండూ చెమర్చి కరిగి, మన ఎండలకు నూనెలా కారి, చీరమీద మరక చేస్తాయి.

వంటింట్లో, బియ్యం డబ్బాల దగ్గర, పప్పుల సీసాల పక్కన దీనికి చోటు లేదు. పొయ్యి దగ్గరా వద్దు, ఇది మండే పదార్థం. బొద్దింకలు రాకుండా తూములో వేసేవారూ, పాములు రాకుండా పెరటి గట్టున చల్లేవారూ ఉన్నారు. ఆరుబయట గాలికి ఆవిరి నిలవదు, కనుక పాము భయపడదు. పెరట్లో ఆడుకునే పిల్లవాడికి మాత్రం ఒక తెల్లటి బిళ్ళ దొరుకుతుంది.

మరి పట్టుచీరకు దిక్కేమిటి? మన పెద్దవాళ్ళు ఈ ఉండలు రాకముందు కూడా పట్టు కట్టారు, దాచారు. చెమటపట్టిన చీరను అలాగే మడతపెట్టకండి. చిమ్మటకు చెమటా మరకా ఉన్న బట్టే ఇష్టం. నీడపట్టున ఆరబెట్టి, మెత్తటి తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకొకసారి తీసి గాలి తగలనిచ్చి మడత మార్చి పెట్టండి. ఉన్ని రగ్గులను ఎండలో వేసి, బ్రష్షుతో గట్టిగా దులపండి. గుడ్లూ పిల్లపురుగులూ దులుపులోనే చాలావరకు పోతాయి. ఎండిన వేపాకు, లవంగాలు, వట్టివేళ్ళు మూటకట్టి పెట్టుకోవచ్చు. అవి పురుగును చంపవు. వాసన ఉన్నన్నాళ్ళు కొంత దూరంగా ఉంచుతాయేమో, కనుక రెండు మూడు నెలలకు మార్చాలి. వేపాకు పెట్టాం కదా అని చీర తీసి చూడటం మానేస్తే మళ్ళీ చిల్లులే. చిన్న స్వెట్టరుకు పురుగు పట్టిందని అనుమానం వస్తే, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో వారం పది రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి.

ఇప్పటికే ఉండలతో దాచిన బట్టలు మీ ఇంట్లో ఉండవచ్చు. వాటిని పెద్దవాళ్ళు కట్టుకునే ముందు రెండు మూడు రోజులు ఆరుబయట గాలికి వెయ్యండి. నూలూ ఉన్నీ అయితే ఎండ తగలనివ్వండి, పట్టయితే నీడపట్టున చాలు. వాసన పూర్తిగా పోయాక, ఉతకదగినవి వేణ్ణీళ్ళలో సబ్బుతో ఉతికి మళ్ళీ ఆరేసి వాడుకోండి. వాసన పోకుండా ఇస్త్రీ చేస్తే ఆ వేడికి ఆవిరంతా మీ ముఖానికే కొడుతుంది. పసిబిడ్డకు మాత్రం ఆ బట్టలు ఎంత ఉతికినా వాడకండి. నాలుగు గజాల మల్లుగుడ్డ కొని, రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టి, ముక్కలు చేసుకోండి. లేదా రోజూ కట్టుకునే, పెట్టె ముఖం చూడని చీర ఒకటి ఉంటుంది కదా, దాన్ని చింపండి.

అమ్మాయి ఏడోనెలలో పుట్టింటికి వచ్చిన రోజే పెట్టె తీయించి, ఉండలన్నీ ఏరి పొట్లం కట్టి, పిల్లల చేతికీ కుక్కల నోటికీ అందకుండా మునిసిపాలిటీ చెత్తబండిలో వేయించండి. పెట్టెను తడిగుడ్డతో తుడిచి, మూత తెరిచి నాలుగు రోజులు డాబా మీద ఎండనివ్వండి. పురిటిగదిలో గోడబీరువా ఉంటే దాని అడుగు అరలూ, సొరుగుల మూలలూ వెతకండి. ఎప్పుడో వేసి మరిచిపోయిన ఉండ ఒకటి అక్కడే దొరుకుతుంది.